సమస్యాపూరణం: “కనులు మూసికొన్న కానఁబడును”

పృచ్ఛకుడు: ఈ వారపు సమస్య ఆటవెలది పాదం. ధ్యానం, కల అనే సులువైన దారులు విడిచి, జ్ఞానం కలగడంలో తర్కానికీ అనుభవానికీ గల పొత్తు విషయంగా పూరించవలసిందిగా కోరుతున్నాను.

మొదటి పూరణ

పొగను గొండమీద పొడగాంచి మదిలోన
వ్యాప్తిఁ దలఁచినట్టి వాని కచట
నిప్పు కంటఁ బడక నిలిచియున్నను గూడ
కనులు మూసికొన్న కానఁబడును

పరిశీలన: గణయతులు సరిపోయాయి. నైయాయికులు (న్యాయ దర్శనానికి చెందిన తార్కికులు) చెప్పిన అనుమాన ప్రమాణాన్ని, అంటే కనబడిన గుర్తును బట్టి కనబడనిదాన్ని తెలుసుకొనే పద్ధతిని, పద్యంలోకి చక్కగా తెచ్చారు. అయితే పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న వ్యాప్తి, రెండింటినీ కలిపి పలుమార్లు చూడడం వల్లనూ, నిప్పు లేనిచోట పొగ ఎన్నడూ కనబడకపోవడం వల్లనూ ఏర్పడినదే. ‘దలఁచినట్టి’ అన్న మాట ఆ పూర్వానుభవాన్ని స్ఫురింపజేస్తున్నది కనుక భావానికి లోపం లేదు. కాని నిప్పును ఊహించడానికి కనులు మూయవలసిన పని ఏమున్నదన్న ప్రశ్నకు పూరణలో సమాధానం లేదు.

రెండవ పూరణ

తోవ తప్పి తిరుగు దూరగ్రహముఁ జూచి
లెక్కగట్టువాఁడు లేఖినిఁ గొని
చుక్కలందు దాఁగి చూడఁగా రానిదే
కనులు మూసికొన్న కానఁబడును

పరిశీలన: ‘లేఖినిఁ గొని’ పాదం నిండడానికే వచ్చినట్లున్నా, ఎత్తుగడ బాగున్నది. యురేనస్ గమనంలోని తేడాను బట్టి ఫ్రెంచి గణితవేత్త లెవెరియే కొత్త గ్రహం ఉండవలసిన చోటును గణించగా, 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో ఖగోళవేత్త గాలె దుర్భిణి నెక్కుపెట్టి, ఆ చోటుకు ఒక డిగ్రీ లోపలే నెప్ట్యూన్‌ను కనుగొన్నాడు. ఆ రాత్రి ప్రసక్తి పద్యంలో లేకపోవడమే కొరత. ఎందుకంటే అదే లెవెరియే బుధుడి గమనంలోని తేడాకు కూడా అదే తరహా తర్కం ప్రయోగించి, సూర్యుడికి మరింత చేరువలో మరొక గ్రహం ఉండాలని 1859లో ప్రతిపాదించాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. చూశామన్నవారి మాటలేవీ ధ్రువపడలేదు. ఆ తేడాకు కారణం గ్రహం కాదనీ, గురుత్వాకర్షణ సిద్ధాంతాన్నే మార్చుకోవాలనీ 1915లో ఐన్‌స్టీన్ గణనతో తేలింది. మూసిన కన్నులకు రెండు గ్రహాలూ ఒకేలా కనబడ్డాయన్నమాట.

మూడవ పూరణ (పై పరిశీలన చదివిన మీదట)

ఉన్నదియును లేని యూహాజనితమును
కనులు మూసికొన్న కానఁబడును
ఒకటి నిజము కాఁగ నొకటి కల్ల యగుట
తెఱచి చూడకున్నఁ దెలియఁబడదు

పరిశీలన: సమస్యను రెండవ పాదంగా నిలపడం వల్ల తీర్పు చెప్పడానికి చోటు దొరికింది. మూడింటిలో నాకు నచ్చినది ఇదే.

మరొక సభ్యుడు: పరిశీలకుల వారి మాటతో ఏకీభవిస్తూనే, తెఱచి చూసినంత మాత్రాన తెలిసిపోతుందన్న ధ్వనికి అభ్యంతరం చెబుతున్నాను. గెలీలియో 1612 డిసెంబరులోనే నెప్ట్యూన్‌ను దుర్భిణిలో చూసి, నక్షత్రంగా గుర్తు పెట్టుకున్నాడు. కన్ను తెరిచే ఉన్నది. అక్కడ గ్రహాన్ని వెదకడానికి తగిన కారణం మాత్రం అప్పటికి అతని చేతిలో లేదు.

పృచ్ఛకుడు: అభ్యంతరం సమంజసం. దీన్నే వచ్చే వారపు సమస్యగా ఇస్తున్నాను: “కన్ను తెఱచియున్నఁ గానఁబడదు”. ఆటవెలదిలోనే పూరించండి, గ్రహాలు కాక వేరొక దృష్టాంతం తీసుకోండి.