పోనియాటోవ్‌స్కీ రాళ్లు నకిలీలా, కావా?

ముద్రిక: పోలండ్ చివరి రాజుకు అన్న కొడుకైన స్తానిస్లావ్ పోనియాటోవ్‌స్కీ దాదాపు 2,600 ఇంటాలియోలు, అంటే బొమ్మను లోపలికి తొలిచిన రాళ్లు, పోగుచేశాడు. చాలావాటి మీద ప్రాచీన గ్రీకు పనివాళ్ల సంతకాలున్నాయి. చెక్కింది మాత్రం ఆయన కాలపు రోము పనివాళ్లు. 1833లో ఆయన పోయాడు. 1839లో లండన్‌లో క్రిస్టీస్ వేలం వేసేసరికి అనుమానాలు ముదిరి, రాళ్లు చవకగా పోయాయి. వాటిని నకిలీలని తీసిపారేయడం అన్యాయమని నా వాదన.

నిక్కచ్చి: అన్యాయమేమిటి? పిర్గోటెలిస్ అలెగ్జాండర్ కొలువులోని చెక్కుడు పనివాడు. ఆయన పేరు పెడితే రాయి వయసు రెండు వేల ఏళ్లు దాటిందని చెప్పినట్టే. పనితనం బాగుందనడం, దొంగ దస్తావేజులో చేతిరాత గుండ్రంగా ఉందని మెచ్చుకోవడమే.

ముద్రిక: దస్తావేజును చేతిరాత కోసం ఎవరూ కొనరు, నిక్కచ్చి గారూ! రాయిని చెక్కడం కోసమే కొంటారు. తిరిగే సన్నని పనిముట్టుకు నూనె, వజ్రపు పొడి రాసి, బొమ్మను కుడిఎడమలు మార్చి తొలవాలి. ఎంత లోతు తవ్వితే ముద్రలో అంత ఉబ్బు. తొడ కండరం వంపు సరిగా వచ్చిందో లేదో మైనం మీద ఒత్తి చూస్తేనే తెలుస్తుంది. చేయి జారిందా, రాయి పోయినట్టే. అంత పనిని ఒక్క సంతకం కొట్టేస్తుందా?

పాతసరుకు: ఆ కాలపు కొనుగోలుదారులూ తక్కువవారు కాదు. సంతకమున్న రాళ్ల మీద, ప్రాచీన వస్తువులు పోగుచేసే స్టోష్ 1724లో పుస్తకం వేశాక అందరూ పేర్ల కోసమే వెతికారు. బేరం అలా ఉంటే సరుకూ అలాగే వస్తుంది.

నిక్కచ్చి: అదే రోములో నథానియల్ మార్చంట్ ప్రాచీన శిల్పాలను చూసి చెక్కి, తన పేరే వేసుకున్నాడు. జియోవాన్ని పిచ్లర్ గ్రీకు అక్షరాలు వాడినా రాసింది తన పేరే. వాళ్లను ఎవరైనా దొంగలన్నారా? దారి ఉందని తెలిసీ పక్కదారి పట్టినవాళ్లను వెనకేసుకు రాకండి.

ముద్రిక: మార్చంట్ విషయంలో మీతో వాదించను. కానీ సంతకం పెట్టమన్నది ఎవరు, పెట్టింది ఎవరు? కూలికి చెక్కినవాడిని కూడా ఆ లెక్కలో వేస్తారా? నేనైతే ప్రదర్శనశాల చీటీ మీద ‘రోము, 19వ శతాబ్దం తొలినాళ్లు, దొంగ సంతకం’ అని రాసి, మంచి వెలుతురు కింద పెడతాను.

నిక్కచ్చి: ‘దొంగ’ అన్న మాట మీరే రాశారు. ఇక నాకు తగవు లేదు.