మంచు కింద పాతిన టెలిస్కోప్‌కు ఆకాశం ఎలా కనిపిస్తుంది?

ప్రశ్న (మలక్‌పేట అమ్మ): ఆదివారం మా తొమ్మిదో తరగతి పాపను బిర్లా ప్లానిటోరియంకి తీసుకెళ్లాను. తిరిగొస్తుంటే బస్సులో అడిగింది, దక్షిణ ధ్రువంలో టెలిస్కోప్‌ను మంచు కింద ఎందుకు పాతారని. నేను బీకాం చదివాను, జవాబు రాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నాచారం లెక్చరర్ (రిటైర్డ్): అమ్మా, దాని పేరు ఐస్‌క్యూబ్. అది వెతికేది న్యూట్రినోలను, అంటే ఆకాశం నుంచి వచ్చే అతి సూక్ష్మ కణాలను. అవి దేనికీ తగలకుండా భూగోళంలోంచి కూడా దూసుకుపోతాయి. ఎప్పుడో ఒకటి మంచులో అణుకేంద్రకానికి తగిలితే, అక్కడ పుట్టిన కణాలు నీలి వెలుగు విడుస్తాయి. దాన్ని పట్టడానికే వేడినీళ్లతో మంచులో 86 బోర్లు వేసి, 5,160 సెన్సర్లు దించారు. 2010 డిసెంబరులో పూర్తయింది.

అంత లోతు ఎందుకంటే, పాపకు చెరకు రసం బండి మీద ఐసు దిమ్మ చూపించండి. మధ్యలో తెల్లగా ఉండేది గాలి బుడగలే. ధ్రువంలోనూ పై మంచు అంతే. 1,400 మీటర్లు దాటాక పైబరువుకు బుడగలు అణిగిపోయి మంచు అద్దంలా అవుతుంది. వెలుగు వంద మీటర్లు దాటి పోగలదు. అందుకే సెన్సర్లు 1,450 నుంచి 2,450 మీటర్ల మధ్య ఉన్నాయి.

ఉప్పల్ ఎమ్మెస్సీ: సార్, పైన వాతావరణంలో పుట్టి కిందికి దూసుకొచ్చే మ్యువాన్లనే కణాలు కూడా అదే వెలుగు ఇస్తాయి కదా?

నాచారం లెక్చరర్: ఇస్తాయి బాబూ, సెకనుకు దాదాపు మూడు వేలు! కానీ కింది నుంచి పైకి వచ్చేది ఉంటే, భూమిని దాటి రాగలిగింది న్యూట్రినో ఒక్కటే. అంటే ధ్రువంలో కూర్చుని కాళ్ల కింది ఉత్తరాకాశాన్ని చూస్తున్నారన్నమాట. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 2017 సెప్టెంబరు 22న దొరికిన ఒక న్యూట్రినో దిక్కును పట్టుకుని వెతికితే, ఓరియన్ నక్షత్రరాశి వైపున ఎంతో దూరంలో ఒక గెలాక్సీ ఉజ్జ్వలంగా వెలుగుతూ కనిపించింది.

మా నాన్న కోలార్ బంగారు గనుల్లో పనిచేశారు. 1965లో అక్కడే, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ దొరికింది. శాస్త్రవేత్తల సామాను గనిలోకి దిగడం చూశానని నాన్న చివరిదాకా చెప్పేవారు.

మలక్‌పేట అమ్మ: బండి దగ్గర ఐసు చూపించానండీ, వెంటనే అర్థమైంది. ఇప్పుడేమో సెన్సర్ చెడిపోతే ఎలా తీస్తారంటోంది.

నాచారం లెక్చరర్: తీయరమ్మా. బోరులో నీళ్లు గడ్డకట్టాక అవి ఎప్పటికీ అక్కడే. అందుకే దించే ముందు గడ్డకట్టే చలిలో పెట్టి పరీక్షించారు. నూటికి 98 ఇప్పటికీ పనిచేస్తున్నాయని పాపకు చెప్పండి.