"రే రేలా" తర్వాత వచ్చే ఆ "ఏరు" ఏమిటి?

హనుమకొండ అక్క: తాడ్వాయి దగ్గర మా చెల్లెలు పనిచేసే ఆశ్రమ పాఠశాలలో వార్షికోత్సవం అంటే వెళ్లాను. కోయ పిల్లలు వాళ్ల భాషలో పాడుతూ ఆడారు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఒక చరణం మాత్రం చెవిలోంచి పోవట్లేదు. "రే రేలా రేలా" అన్నాక "ఏరు" అని స్పష్టంగా వినబడింది. ఆ మాట దగ్గరే వరసంతా వంగి దోసిళ్లతో ఏదో ఎత్తుకున్నట్టు చేశారు. చివర్లో ఉన్న చిన్నపాప గజ్జెలు ఊడితే వాటిని చేత్తో పట్టుకునే ఆడింది, తాళం మాత్రం తప్పలేదు. ఆ ఏరు వాగా, ఏరుకోవడమా?

జనగామ తమ్ముడు: ఏరుడే అక్కా. ఇప్పపూలు ఎవరూ కోయరు, రాలినవే పొద్దున్నే పోయి ఏరుకుంటారు. వంగింది అందుకే.

కరీంనగర్ సార్: కోయ పాటలోకి మన క్రియ ఎందుకొస్తుంది తమ్ముడూ? కోయలో, గోండిలో ఏరు అంటే నీళ్లు. మన ఏరు దానికి చుట్టమే, తమిళంలో ఆఱు. పాత తెలుగులో బండి ఱతో ఏఱు. "ఏటి ఒడ్డు" అనేటప్పుడు వచ్చే ట ఆ ఱ వల్లనే. పిల్లలు దోసిలి పట్టింది నీళ్లకు.

జనగామ తమ్ముడు: దోసిలి పూలకూ పడతారు సార్. అక్క విన్నది ఏ ర అన్నదే అసలు ప్రశ్న.

ఉట్నూరు అన్న: తెలుగు అక్షరాల్లో రాసుకుని వాదిస్తే ఇట్లనే ఉంటది. మా నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. బడిలో పిల్లలకు అది కూడా నేర్పితే మేలు.

పాలకుర్తి పెద్దాయన: పరాయి మాటకు చెవి ఒగ్గడం మా పాత శివకవి పాలకురికి సోమన దగ్గర నేర్చుకోవాలి. ఆయన వృషాధిప శతకం తిరగేయండి. "బసవా బసవా బసవా వృషాధిపా" అన్న మకుటం కిందే కన్నడం, తమిళం, మరాఠీ పద్యాలూ ఉన్నాయి. అరవ మాటను తెలుగు పద్యంలో కూర్చోబెట్టాలంటే ఆ భాష నోట్లో నలగాలి. పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ జనం పాటల పేర్లు వరసగా చెప్పాడు. పండితులు పట్టించుకోని పాటలవి. ఆయనుంటే రేలాను వదిలేవాడా?

కరీంనగర్ సార్: సోమన మీవాడే అన్నది పక్కన పెడదాం, కన్నడం వాళ్లూ వదలరు. తమిళ పద్యంలో పాఠభేదాలు కూడా చూశారా?

పాలకుర్తి పెద్దాయన: చూశాను, తీరిగ్గా మాట్లాడదాం.

ములుగు టీచర్: అందరూ ఏరు మీదే పడ్డారు, రేలాను వదిలేశారు. రేల చెట్టు తెలుసు కదా, ఎండాకాలం పసుపు గుత్తులతో వేలాడుతుంది, సంస్కృతంలో ఆరగ్వధం. పాటలో రేలా అంటే ఆ చెట్టే అని చాలామంది అంటారు. నాకు నమ్మకం లేదు. మా పిల్లలు రేలా అన్నప్పుడు చూసేది పక్కవాళ్ల పాదాన్ని, చెట్టును కాదు. అడుగు కలవడానికి ఉన్న మాట అది, మన బతుకమ్మలో ఉయ్యాలో లాగా.

కరీంనగర్ సార్: రేల చెట్టును పిలిస్తే రేలా అవుతుంది మేడం, రామ రామా అయినట్టు.

ములుగు టీచర్: ఆ దీర్ఘం మన వ్యాకరణం సార్. కోయలో పిలుపు ఎట్లా ఉంటుందో చూడకుండా ఒప్పుకోను.

పాలకుర్తి పెద్దాయన: ఉయ్యాలోలో ఉయ్యాల ఉంది కదమ్మా. అర్థంతోనే మొదలై పాడగా పాడగా ఊతపదమైంది. రేలా కూడా అంతే.

ములుగు టీచర్: అంతే అని ఎట్లా తేలుస్తారు? పెళ్లి పాటలోనూ రేలానే, పండగ పాటలోనూ రేలానే. చెట్టు ఊసే లేని చరణాల్లో చెట్టును ఎందుకు పిలుస్తారో ముందు చెప్పండి.