సంక్రాంతికి ఊరెళ్లకుండా ఇద్దరమే హైదరాబాద్‌లో ఉండిపోతే తప్పేంటి?

కేపీహెచ్‌బీ కాపురం

సూటిగా అడుగుతున్నా. మాది తెనాలి దగ్గర పల్లె, మా ఆవిడ వాళ్ళది కరీంనగర్ వైపు. ఇద్దరికీ ఇక్కడే ఉద్యోగాలు, అద్దె ఇల్లు, పిల్లలు ఇంకా లేరు. ఎవరూ కూర్చుని పంచకపోయినా పెళ్లయిన ఏడాది నుంచే పండగలు వాటాలు పడిపోయాయి. బతుకమ్మకి ఆడపిల్ల పుట్టింట్లో ఉండాలి కాబట్టి దసరా వాళ్ళది. సంక్రాంతి మా వైపు పెద్ద పండగ కాబట్టి అది మాది. వినాయక చవితికి, దీపావళికి ఒక్కో రోజు సెలవు, అది ఇల్లు కడుక్కోవడానికి, పూజకి, నిద్రకి సరిపోతుంది. ఇద్దరం మంచి బట్టలు కట్టుకుని, తొందర లేకుండా ఈ ఊళ్లో ఒక పండగ తిరిగింది లేదు.

ఈసారి సంక్రాంతికి ఇక్కడే ఉందామని ఆవిడ అంది, నాకూ నచ్చింది. భోగి సాయంత్రం శిల్పారామం, పండగ రోజు పరేడ్ గ్రౌండ్స్‌లో గాలిపటాలు, కనుమకి నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్, అనుకున్నాం. ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ ఏమీ అనకుండా ఫోన్ నాన్నకి ఇచ్చేసింది. అన్నయ్య మాత్రం "పండగపూట పెళ్లాంతో షికార్లేంట్రా" అన్నాడు. నెలకోసారైనా వెళ్తూనే ఉంటాం, చూడకుండా ఉన్నదేమీ లేదు. మా అమ్మానాన్నల ఇల్లు ఇల్లే, వాళ్ళ అమ్మానాన్నల ఇల్లూ ఇల్లే, మరి మేమిద్దరం ఉంటున్నది లాడ్జి గదా? మా గడప ముందు ఒక్క పండగ ముగ్గు పడకూడదా?

తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ కారణం చెప్పి తిట్టండి.

గోదారి గట్టు

కారణం చెప్పే తిడతాను తమ్ముడూ. శిల్పారామంలో టికెట్ కొనుక్కుని హరిదాసుని చూస్తావా? మా వీధిలోకి ఆయనే వస్తాడు, అక్షయపాత్రలో బియ్యం పోసి దణ్ణం పెట్టుకుంటాం. గంగిరెద్దు మన పేరు చెప్తే తలూపుతుంది. అక్కడ ఎవరి కోసం ఊపుతుంది, సెల్ఫీల కోసం. సంక్రాంతి అంటే కొత్త ధాన్యం ఇంటికొచ్చిన పండగ, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో దేన్ని చూసి చేసుకుంటారు? భోగి మంట సెల్లార్‌లో వేస్తారా?

ఇద్దరూ కలిసి తిరగాలంటే శని ఆదివారాలు లేవా? ఏడాదిలో అన్ని వారాంతాలూ మీవే కదా. మీ అమ్మగారు డిసెంబర్ నుంచే బియ్యం పిండి పట్టించడం గురించి ఆలోచిస్తూ ఉంటారు. ఫోన్ ఇచ్చేశారు అన్నావు చూడు, అది చదివాక నాకు నిజంగానే కోపం వచ్చింది.

పెద్దకోడలు

గోదారి గట్టు గారూ, మాదీ మీ వైపే, భీమవరం దగ్గర అత్తగారిల్లు. మీరు చెప్పిన సంక్రాంతి చాలా బాగుంది, అది మగవాళ్ళ సంక్రాంతి. మొగుడు కోడిపందేల బరి దగ్గర, పెళ్లాం పొయ్యి దగ్గర, ఇదీ మా ఇంట్లో జరిగే పండగ. బస్సు దిగి బ్యాగు పెట్టగానే పాకం పట్టడానికి పిలుపు. అరిసెలు వత్తడం, ఆ నూనె వాసన, ఒకరు తింటుంటే ఇంకొకరికి వడ్డన, మధ్యలో చుట్టాలు, వాళ్ళకి కాఫీలు. కనుమ నాడు మాంసం, గారెలు ఎవరు వండుతారనుకున్నారు? మా ఆయన మూడు రోజుల్లో నాతో మాట్లాడిన మాటలు "నా పంచె ఎక్కడ పెట్టావ్", "ఇంకో నలుగురు భోజనానికి వస్తున్నారు". చెడ్డవాడు కాదు, బంగారం లాంటి మనిషి, కానీ ఊళ్లో కాలు పెట్టగానే ఆయన వాళ్ళ అమ్మకి కొడుకు, స్నేహితులకి స్నేహితుడు, నాకు మాత్రం ఎవరూ కాడు.

అందుకని ఆ అమ్మాయి అడిగింది నాకు అర్థమైంది. ఆవిడకి గాలిపటాలు, నుమాయిష్ ముఖ్యం అనుకోను. పండగ రోజు మొగుడు పక్కన ఉండాలని ఉంది, అంతే.

గోదారి గట్టు

అమ్మా, అలా అయితే మీ ఆయన్ని వంటింట్లోకి పిలవండి, పండగని ఎందుకు మానేయడం?

పెద్దకోడలు

పిలిచాను. మా అత్తగారు బయటికి పంపించేశారు.

రిటైర్డ్ మాస్టారు

అందరూ తిండి, తిరుగుడు గురించే మాట్లాడుతున్నారు. మా ఇళ్ళల్లో దీన్ని పెద్దల పండగ అంటాం. మకర సంక్రమణం నాడు పోయినవాళ్ళని తలుచుకుని బట్టలు పెట్టి, తర్పణం వదిలి, గుమ్మడికాయ దానం ఇస్తాం. కొడుకులందరూ ఆ రోజు ఒక చోట ఉండాలన్న పట్టుదల అక్కడి నుంచి వచ్చింది. ఇది నమ్మేవాళ్ళకి శిల్పారామం సరిపోదు. నమ్మనివాళ్ళతో నాకు వాదన లేదు.

అయితే ఒక మాట. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో బదిలీల మీద ఎక్కడెక్కడో ఉన్నాం, చాలా సంక్రాంతులు మేమిద్దరమే చేసుకున్నాం. మా నాన్నగారు ఉత్తరం రాసి ఊరుకునేవారు, షికార్లని అనలేదు. ఇప్పుడు బస్సులు పెరిగాయి, ఫోన్లు వచ్చాయి, "రాలేం" అంటే ఒప్పుకునే వీలు తగ్గిపోయింది.

మియాపూర్ బ్యాచిలర్

నేను ఊరెళ్లడానికే ఓటు. ప్రేమతో కాదు. ఆ మూడు రోజులూ మా వీధిలో టిఫిన్ బండి ఉండదు, కర్రీ పాయింట్ ఉండదు, వాచ్‌మన్ ఉండడు, పనిమనిషి ఉండదు. పోయినసారి ఉండిపోయి అటుకులతో బతికాను.

మలక్‌పేట మనిషి

మాది మూడు తరాలుగా ఇక్కడే. సంక్రాంతికి మీరందరూ వెళ్లిపోతే మాకు అసలు పండగ అన్నా, రోడ్లు చూస్తే ఏడుపొస్తుంది, ఆనందంతో. అమీర్‌పేట నుంచి చార్మినార్ దాకా హారన్ కొట్టకుండా వెళ్లొచ్చు. సంక్రాంతి సిటీలో లేదన్న పెద్దలు ఒకసారి ధూల్‌పేట, గుల్జార్ హౌజ్ వైపు వచ్చి చూడండి, పతంగులు అక్కడ ఎట్లా అమ్ముడవుతాయో. పండగ రోజు పాతబస్తీలో ప్రతి మిద్దె మీదా మనుషులే, అందులో హిందువు ముస్లిం అని లేదు, పక్క మిద్దె వాడి పతంగి కోస్తే వీధంతా అరుపులు. ఇది కూడా సంక్రాంతే. మీ దగ్గర ధాన్యం, మా దగ్గర మాంజా.

కేపీహెచ్‌బీ అన్నా, నీ ప్లాన్‌లో మాత్రం తప్పు ఉంది. కనుమ నాడు నుమాయిష్‌కి పోవద్దు. సెలవు రోజు నాంపల్లిలో పెళ్లాం చెయ్యి వదిలితే మళ్ళీ మైక్‌లో పిలిపించుకోవాలి. అది ఎక్కడికీ పోదు, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. మంగళవారమో బుధవారమో ఆఫీసులో కొంచెం ముందు లేచి పొండి, సాయంత్రం 4కి తెరుస్తారు. బండి తేవద్దు, చుట్టుపక్కల ఖాళీ జాగాల్లో పార్కింగ్ పేరుతో ఎంత తోస్తే అంత అడుగుతారు. మెట్రోలో గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే గేటు పక్కనే, ఆ సీజన్‌లో చివరి రైలు కూడా ఆలస్యంగా ఉండేట్టు చూస్తారు. సిటీ బస్సు అయితే ఆడవాళ్ళకి ఉచితం, మీ ఆవిడకి ఆధార్ చూపిస్తే జీరో టికెట్, నీకు మాత్రం డబ్బులు. (2023 డిసెంబర్ నుంచి మా ఇంట్లో కూడా "నేను ఫ్రీ, నువ్వే ఖర్చు" అని ఒక జోకు నడుస్తోంది.)

ఒకటి చెప్తా వినండి, నుమాయిష్‌ని షికారు అని తక్కువ చేయకండి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, 1946లో ఇప్పుడున్న చోటికి వచ్చింది. నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ డబ్బుతో కాలేజీలు నడుపుతుంది, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాళ్ళవే, రెండూ ఆడపిల్లల కోసం. మా అమ్మకి మా నాన్న పెళ్లయిన కొత్తలో కాశ్మీరీ శాలువా కొన్నది అక్కడే. మా ఇంట్లో అది కూడా ఆచారమే, ఏ పంచాంగంలోనూ లేదు కానీ.

బండి మీద తిరిగితే మెడకి స్కార్ఫ్ కట్టుకోండి, పతంగి దారం కోసేస్తుంది. చైనా మాంజా నిషేధమే, అయినా అమ్ముతూనే ఉన్నారు.

వరంగల్ ఆడపడుచు

ఇంతమంది మాట్లాడారు, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. మీ ఆవిడ మీ సంక్రాంతి మానుకుందామంది. సరే. ఇదే మాట బతుకమ్మకి అంటుందా? చివరి రోజు, సద్దుల రోజు తంగేడు, గునుగు పూలు పేర్చకుండా, వాళ్ళ అమ్మ దగ్గరికి పోకుండా, మీతో కలిసి మాల్‌లో సినిమా చూస్తుందా? నేనైతే చూడను, నిజం చెప్తున్నా, మా ఆయన అడిగినా చూడను. మా దగ్గర సంక్రాంతి ఉంది, సకినాలు చేసుకుంటాం, ముగ్గులేస్తాం, కానీ ప్రాణం దసరా మీదే. అందుకే సంక్రాంతికి ఉండిపోదాం అనడం మాకు తేలిక, మీకు బరువు. మీ అమ్మగారు ఫోన్ నాన్నకి ఇచ్చింది అందుకే అయ్యుంటుంది. ఇద్దరికీ సమానంగా నష్టం ఉండాలి. ఒక ఏడాది సంక్రాంతి ఇక్కడ, ఇంకో ఏడాది దసరా ఇక్కడ. దానికి ఆమె ఒప్పుకుంటే మీ వాదనకి బలం ఉంటుంది.

కేపీహెచ్‌బీ కాపురం

వరంగల్ అక్కా, ఇది చదివి వినిపించాను. వెంటనే "దసరా మాట ఎత్తొద్దు" అంది. తర్వాత నవ్వింది.

గోదారి గట్టు అన్నా, వారాంతాలున్నాయిగా అన్నారు. మా శనివారం బట్టలు ఉతుక్కోవడం, ఆదివారం సరుకులు. పండగ రోజుకి ఉన్న తేడా ఏంటంటే ఆ రోజు ఆఫీసు వాడు కూడా ఫోన్ చేయడు. అదీ ఇక్కడ రెండు రోజులే. కనుమ మీకు అక్కడ సెలవు, తెలంగాణలో అది ఆప్షనల్, మా మేనేజర్ ఆప్షన్ ఇవ్వడు. రెండు రోజుల సెలవుకి వెళ్ళే దారిలో పంతంగి టోల్ దగ్గర బండ్ల వరస, వచ్చేటప్పుడు మళ్ళీ అదే. రైలు అంటారా, 60 రోజుల ముందు పొద్దున 8కి రిజర్వేషన్ తెరిస్తే నిమిషాల్లో వెయిటింగ్ లిస్ట్. ప్రైవేట్ బస్సు వాడు అడిగే రేటుకి నుమాయిష్‌లో శాలువా వచ్చేస్తుంది.

డల్లాస్ బాబాయ్

మేము సంక్రాంతి దగ్గర్లో ఏ శనివారం హాల్ దొరికితే ఆ రోజు చేసుకుంటాం. భోగిపళ్ళు రేగుపళ్ళు దొరక్క బ్లూబెర్రీలతో పోశారు ఒకసారి. తేదీ గురించి కొట్టుకునే అవకాశం ఉన్న మీరు అదృష్టవంతులు.

రిటైర్డ్ మాస్టారు

మీ తల్లిదండ్రులనే అక్కడికి పిలవొచ్చుగా బాబూ. స్పెషల్ బస్సుల్లో మామూలు చార్జీకి ఒకటిన్నర రెట్లు దాకా తీసుకోవడానికి తెలంగాణ ఆర్టీసీ చెప్పే కారణమే తిరుగు ప్రయాణం ఖాళీగా రావడం. అందరూ హైదరాబాద్ వదిలే రోజున హైదరాబాద్ వచ్చేవాళ్ళకి సీటు కష్టం కాదు. తర్పణం మీ ఇంట్లోనూ వదలొచ్చు, శాస్త్రం అడ్డు చెప్పదు.

పెద్దకోడలు

మాస్టారూ, ఇద్దరే ఉండాలన్నది కదా వాళ్ళ కోరిక! అత్తగారిని పిలిస్తే పొయ్యి ఆ ఇంట్లో నుంచి ఈ ఇంట్లోకి వచ్చినట్టే.

గోదారి గట్టు

మాస్టారు చెప్పింది వినడానికి బాగుంది. కనుమ నాడు పశువుల్ని ఎవరు కడుగుతారు, ఎవరు పసుపు కుంకుమ పెడతారు? పాడి ఉన్న ఇంటివాళ్ళు గేదెల్ని వదిలి సిటీకి ఎలా వస్తారు? సిటీ నుంచి ఆలోచిస్తే ఇవి గుర్తుకురావు.

వరంగల్ ఆడపడుచు

పెద్దకోడలు అక్కా, అత్తగారు వచ్చినా ఇల్లు ఎవరిది అన్నది ముఖ్యం. తన వంటింట్లో సకినాలు చుట్టి అత్తగారికి పెట్టడం వేరు, అత్తగారి వంటింట్లో అరిసెలు వత్తడం వేరు. మొదటిది అయితే నేను పండగ రోజు కూడా చేస్తాను.

కేపీహెచ్‌బీ కాపురం

మా ఆవిడ అచ్చం ఇదే అంది, సకినాలతో సహా. ఇందాక ఫోన్ చేశాం. గోదారి అన్న అన్నట్టే నాన్న గేదెల్ని వదిలి రానన్నాడు. అమ్మ మాత్రం "ఆ నుమాయిష్‌లో స్టీలు సామాను దొరుకుతుందా" అని అడిగింది. భోగి ముందురోజు బస్సుకి ఒక టికెట్ బుక్ చేశాను. నాన్న కనుమ సంగతి అన్నయ్య చూసుకుంటాడు, షికార్లన్న మాట అన్నాడు కదా.

మలక్‌పేట అన్నా, మా ఇద్దరి వరకు అయితే బుధవారం సరే. అమ్మ శుక్రవారం వెళ్లిపోతుంది, ఆమెని తీసుకెళ్ళాలంటే కనుమ తప్ప రోజు లేదు. ఏం చేయాలి?

మలక్‌పేట మనిషి

4 కొట్టకముందే గేటు దగ్గర ఉండండి. స్టీలు సామాను ముందే కొనకండి, మోయలేక చస్తారు. 7 లోపు బయటపడండి. మీ ఇద్దరూ ఇంకో బుధవారం మళ్ళీ పొండి, ఎవరికీ చెప్పకుండా.