‘లోన్ ఫర్‌గివ్‌నెస్’ను రుణమాఫీ అంటే సరిపోతుందా?

ప్రశ్న: అమెరికాలో కరోనా నాటి పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రాం (పీపీపీ), అంటే చిన్న వ్యాపారాలు జీతాలు ఆపకుండా ఇవ్వడానికి అప్పులిచ్చిన పథకం గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ‘లోన్ ఫర్‌గివ్‌నెస్ అప్లికేషన్’ను అనువాద యంత్రం ‘రుణ క్షమాపణ దరఖాస్తు’ అంటోంది. ‘రుణమాఫీ’ అని రాస్తే చాలా?

జవాబు: ‘క్షమాపణ’ వద్దండీ. మన వాడుకలో క్షమాపణ చెప్పుకునేది తప్పు చేసినవాడు. లాక్‌డౌన్‌లో దుకాణం మూతపడ్డవాడు చేసిన తప్పేముంది? ‘మాఫీ’ మంచి మాట. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చినా, జరిమానా మాఫీ, వడ్డీ మాఫీ అని ఊళ్లో అందరి నోటా ఉన్నదే.

నా అభ్యంతరమల్లా ‘రుణమాఫీ’ అని కలిపి రాయడం మీద. ఆ మాట వినగానే మనకు 2014 గుర్తొస్తుంది. తెలంగాణలో లక్ష దాకా, ఆంధ్రలో లక్షన్నర దాకా పంట రుణాలు ప్రభుత్వం తీరుస్తానంది. అప్పు తీసుకునేనాటికి రైతుకు ఆ హామీ లేదు, తర్వాత వచ్చింది. పీపీపీలో మాఫీ షరతులు మొదటిరోజే రాసి ఉన్నాయి. వాటిని పాటించానని వ్యాపారే రుజువు చూపాలి. అందుకే ‘షరతులతో మాఫీ’ అనండి, కాస్త పొడుగైనా సరే.

మరో సభ్యురాలు: నేను న్యూజెర్సీలో చిన్న వ్యాపారాల లెక్కలు చూస్తాను. పై మాట అక్షరాలా నిజం. 2020 మార్చి 27న చట్టం వచ్చింది. మొదట కేటాయించిన 34,900 కోట్ల డాలర్లు ఏప్రిల్ 16కే అయిపోయాయి. అప్పు ఇచ్చింది బ్యాంకులు, పూచీ చిన్న వ్యాపారాలను చూసే ప్రభుత్వ సంస్థ ఎస్‌బీఏది. మొదట్లో డబ్బును 8 వారాల్లో ఖర్చుపెట్టాలి, మాఫీ అయ్యే మొత్తంలో 75 శాతం జీతాలే ఉండాలి. జూన్‌లో సవరించి 24 వారాలు, 60 శాతం చేశారు. మిగతాది అద్దె, కరెంటు బిల్లులు, తనఖా వడ్డీ వంటివాటికి వాడుకోనిచ్చారు. మనుషుల్ని తగ్గించినా, జీతాలు బాగా కోసినా, మినహాయింపులు వర్తించకపోతే మాఫీలో అంత మేరకు వజా.

దరఖాస్తు ఫారం 3508. లక్షన్నర డాలర్లలోపు అప్పులకు తర్వాత 3508ఎస్ అనే చిన్న ఫారం సరిపోయింది. ఖర్చుల గడువు ముగిశాక 10 నెలల్లోపు పెట్టుకోకపోతే వాయిదాలు మొదలయ్యేవి. ‘మాఫీ అయిందటగా’ అని ఊరుకున్నవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తెలుగులో రాసేటప్పుడు ‘దరఖాస్తు’ అన్న మాటను మాత్రం వదలొద్దు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ‘కరోనా లోన్ల మాఫీ’ అని శీర్షిక పెడితే?

అదే సభ్యురాలు: పెట్టొద్దండీ, దయచేసి. ఎస్‌బీఏ నేరుగా ఇచ్చిన విపత్తు రుణం ఈఐడీఎల్ కూడా కరోనా లోనే. వ్యాపారులకు 3.75 శాతం వడ్డీ, 30 ఏళ్ల గడువు. దాంతోపాటు ఇచ్చిన అడ్వాన్సు గ్రాంటు తిరిగి కట్టక్కర్లేదు గానీ, అప్పుకు మాఫీ లేదు. రెండూ తీసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. శీర్షికలోనే ‘పీపీపీ’ అని పేరు పెట్టండి.