కెమెరా పట్టుకున్న మనిషిని బడ్డీగా (డైవ్‌లో తోడుండి కాచుకునే మనిషిగా) లెక్కపెట్టొచ్చా? కేప్‌టౌన్ ట్రిప్ గురించి

కడలి (తిరువాన్మియూర్):
చెన్నైలో ఉంటున్న ఆరుగురు తెలుగువాళ్ళం. జూలైలో కేప్‌టౌన్ పక్కనున్న ఫాల్స్ బేకి వెళ్ళి కెల్ప్ అడవిలో ఫ్రీడైవింగ్ (ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి దిగడం) చేయాలని, దాన్ని చిన్న డాక్యుమెంటరీగా తీయాలని అనుకుంటున్నాం. కెల్ప్ అంటే సముద్రం అడుగునుంచి చెట్టంత ఎత్తు పెరిగే నాచు. మా అందరికీ కోర్సు అయింది, 20 మీటర్ల దాకా ఇబ్బంది లేకుండా వెళ్తాం. కాకపోతే మేం దిగిందంతా అండమాన్, పాండిచ్చేరి వైపు వెచ్చటి నీళ్ళలోనే. జూలైలో అక్కడ చలికాలం, నీళ్ళు 13–15 డిగ్రీలు ఉంటాయి.

మా మధ్య తేలనిది ఇదే. ఇద్దరిద్దరుగా మూడు జట్లు చేద్దాం, ఒకరు దిగితే రెండోవాళ్ళు చూస్తూ కెమెరాతో తీస్తారు అని కొందరు అంటున్నారు. కెమెరా చేతిలో ఉంటే ఆ మనిషి సేఫ్టీ (డైవర్‌ను కనిపెట్టుకుని ఆదుకునే మనిషి) కిందికి రారు, ఒకరు దిగి, ఒకరు తీసి, ఇంకొకరు కాచుకునేలా ముగ్గురేసి రెండు జట్లు చేయాలని మిగతావాళ్ళం అంటున్నాం. తెలిసినవాళ్ళు చెప్పండి.

నెల్లూరు కుర్రోడు:
ఆ ఆరుగురిలో నేనూ ఉన్నాను, ఇద్దరి జట్టే కావాలంటున్నవాణ్ణి. నా కారణం చలి. ఒకటిన్నర నిమిషం దిగినవాళ్ళు పైన కనీసం మూడు నిమిషాలైనా తేరుకోవాలి. ముగ్గురి జట్టులో మన వంతు మళ్ళీ వచ్చేదాకా కదలకుండా తేలుతూ ఉండాలి. అలా తేలేవాళ్ళే ముందు చల్లబడతారు. ఒకసారి వణుకు మొదలైందంటే ఒంట్లో ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది, ఊపిరి బిగబట్టగలిగే సమయం తగ్గుతుంది. భద్రత కోసం పెట్టిన మూడో మనిషి వల్లే భద్రత తగ్గడం నాకు సబబుగా అనిపించడం లేదు. పైగా కెమెరాతో తీసేవాళ్ళు డైవర్ మీదనుంచి కన్ను తిప్పరు. ఊరికే చూసేవాళ్ళ ధ్యాస ఎక్కడికైనా పోవచ్చు.

అడయార్ అక్క:
తమ్ముడూ, చలి గురించి నువ్వు చెప్పింది నిజం. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. కన్ను తిప్పరన్న మాట మాత్రం ఒప్పుకోను. నేను ఫ్రీడైవింగ్ నేర్పుతాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఫ్రీడైవింగ్‌లో స్పృహ తప్పడం ఎక్కువగా జరిగేది లోతులో కాదు, చివరి పది మీటర్లలో, ఇంకా పైకి వచ్చాక మొదటి కొన్ని సెకన్లలో. పది మీటర్ల దగ్గర పీడనం 2 బార్, ఉపరితలం దగ్గర 1 బార్. పైకి వచ్చే ఆ కాసేపట్లో ఊపిరితిత్తుల్లో మిగిలిన ఆక్సిజన్ పీడనం సగానికి పడిపోతుంది. కింద బాగానే ఉన్న మనిషి పైకి వచ్చి, ఒక ఊపిరి తీసుకుని, చెయ్యి ఊపి, ఆ తరువాత కూడా పడిపోవచ్చు. అందుకే సేఫ్టీ మనిషి డైవర్‌ను మూడో వంతు లోతులో ఎదురెళ్ళి కలుసుకోవాలి, ముఖం చూస్తూ పక్కనే పైకి రావాలి, పైకొచ్చాక 30 సెకన్లు కళ్ళు ముఖం మీదే ఉంచాలి.

కెమెరా మనిషి ఆ 30 సెకన్లలో ఏం చేస్తారు? షాట్ అయిపోయింది కదా, స్క్రీన్ చూసుకుంటారు. బాగా వచ్చిందా, ఫోకస్ కుదిరిందా అని. అది నిర్లక్ష్యం కాదు, పని అలాంటిది. నీళ్ళ కింద కూడా వాళ్ళకు కావలసిన చోటు వేరు. వెలుతురు డైవర్ వెనక పడాలంటే కిందనుంచి తీయాలి. అక్కడ వీపు, ఫిన్లు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. స్పృహ తప్పిన మనిషి నోట్లోకి నీళ్ళు పోకుండా గడ్డం ఒక చేత్తో, తల వెనక ఇంకో చేత్తో పట్టుకుని పైకి తేవాలి. రెండు చేతులూ కావాలి, కెమెరా వదిలేయడానికి పట్టే క్షణం కూడా లెక్కలోకి వస్తుంది.

ఇంకోటి. కెమెరా మనిషి కూడా ఊపిరి బిగబట్టే ఉన్నారు. డైవర్ నిటారుగా లైన్ (కిందికి వేలాడదీసిన తాడు) వెంట వెళ్తుంటే వాళ్ళు పక్కకి ఈదుతూ, బరువు మోస్తూ, డైవర్ కోసం ఆగుతూ ఉంటారు. ఎక్కువ అలిసేది వాళ్ళే. మరి వాళ్ళను చూసేది ఎవరు? 2017 జూలైలో ఈజిప్టులోని దహబ్ బ్లూ హోల్‌లో ఇటలీ ఫ్రీడైవర్ అలెస్సియా జెక్కినీకి సేఫ్టీగా దిగిన స్టీఫెన్ కీనన్ ఆమెను పైకి చేర్చి తాను చనిపోయారు. సేఫ్టీ డైవర్‌గా ఆయనకు ప్రపంచమంతా పేరుంది. ఆ పని మాత్రమే చేస్తున్నప్పుడే అలా జరిగిందంటే, దానికి కెమెరా కూడా కలపమని నేను ఎవరికీ చెప్పలేను.

మైలాపూర్ మావయ్య:
ఫిల్మ్ సంగతి నేను చెప్తాను, నా వృత్తి అదే. అసలు 20 మీటర్లకు వెళ్ళాల్సిన పనేముంది? అక్కడి పెద్ద కెల్ప్ లోతు తక్కువ ఉన్న నీళ్ళలోనే పెరుగుతుంది. ఆకుల సందుల్లోంచి ఎండ దిగే షాట్లు 5–6 మీటర్లలోనే దొరుకుతాయి. ఎరుపు రంగు మొదటి కొద్ది మీటర్లలోనే పోతుంది, అక్కడి నీళ్ళు ఆకుపచ్చగా ఉంటాయి. అండమాన్‌లో వాడిన ఎర్ర ఫిల్టర్ పనికిరాదు, మెజెంటా ఫిల్టర్ కొనండి. బ్యాటరీలు చలికి తొందరగా పడిపోతాయి, జాకెట్ లోపల జేబులో పెట్టుకోండి. హౌసింగ్‌ను (కెమెరాకు నీళ్ళు తగలకుండా వేసే డబ్బాను) గాలి పొడిగా ఉన్న చోటే మూయాలి. హోటల్ బాత్‌రూమ్ ఆవిరిలోనో చెన్నై లాంటి ఉక్కలోనో మూస్తే, చల్లటి నీళ్ళలో దిగగానే లోపల అద్దం మీద ఆవిరి పట్టి పొద్దున్నంతా వృథా. సిలికా జెల్ ముక్కలు లోపల పెట్టండి.

నెల్లూరు కుర్రోడు:
థ్యాంక్స్ మావయ్యా. అక్కా, 6 మీటర్లే అయితే ఇద్దరి జట్టు చాలదా?

అడయార్ అక్క:
చాలదు. పీడనం తేడా ఎక్కువగా ఉండేది ఉపరితలానికి దగ్గరే కాబట్టి లోతు తక్కువ అని ధీమా పడకూడదు. పైగా షాట్ కోసం ఇంకొక్క అయిదు సెకన్లు ఆగుదాం అనిపించేది ఇలాంటి డైవ్‌లలోనే. కెల్ప్‌లో ఇంకో చిక్కు ఉంది. లైన్ వెంట డైవ్ చేస్తే మనిషి ఎక్కడినుంచి పైకి వస్తారో ముందే తెలుస్తుంది. అడవిలో తెలియదు. పైన ఆకులు పరుచుకుని ఉంటాయి, రెండు కాడలు దాటితే మనిషి కనిపించరు. అక్కడ చూసే పని కెల్ప్ లేని చోటికంటే కష్టం.

ముగ్గురి జట్టులో నేను పెట్టే నియమం ఒకటుంది. కెమెరా మనిషి ముందు పైకి రావాలి, ఓకే చెప్పాలి, డైవర్ ఆ తరువాతే రావాలి. ఇద్దరూ ఒకేసారి తేలితే సేఫ్టీ చూపు రెండుగా చీలిపోతుంది.

నెల్లూరు కుర్రోడు:
అప్పుడు డైవర్ పైకి వచ్చే షాట్ పోయినట్టే కదక్కా. డాక్యుమెంటరీలో జనానికి గుర్తుండేది అదే.

మైలాపూర్ మావయ్య:
పోదు. పైకి వచ్చాక ఊపిరి తీసుకుంటూనే, కెమెరాను కర్రకి తగిలించి ఒకటిన్నర మీటరు కిందికి దించు. ఎదురొచ్చే ముఖం నేరుగా దొరుకుతుంది. నా కంటికి అదే మంచి షాట్.

కడలి:
ఇది మాకు తట్టలేదు. మరి చలి సంగతి, అక్కా?

అడయార్ అక్క:
చలికి జవాబు సూట్, సమయం. జట్టు చిన్నది చేయడం కాదు. దక్షిణ కొరియాలోని జేజు దీవిలో హేన్యోలు, అంటే ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగే మహిళలు, 1970ల దాకా నూలు బట్టలతోనే చలికాలం దిగేవాళ్ళు, వెట్‌సూట్లు వచ్చాకే వాళ్ళు గంటల తరబడి నీళ్ళలో ఉండగలిగారు. మీకు కనీసం 5 మిల్లీమీటర్ల ఓపెన్ సెల్ (లోపలి రబ్బరు ఒంటికి అంటుకునే రకం), హుడ్‌తో రెండు ముక్కల సూట్ కావాలి. 7 అయితే ఇంకా మేలు. సూట్ మందం పెరిగితే మునగడానికి కట్టుకునే బెల్ట్ బరువు పెరుగుతుంది, లోతుకి వెళ్ళేకొద్దీ నియోప్రీన్ (సూట్ రబ్బరు) నొక్కుకుపోయి తేలే గుణం తగ్గుతుంది. కాబట్టి ఇక్కడి బరువుల లెక్క అక్కడ చెల్లదు. మొదటి రోజంతా బరువులు సరిచూసుకోవడానికే పెట్టుకోండి, కెమెరాలు గదిలోనే ఉండనివ్వండి.

నీళ్ళలో 40 నిమిషాలు దాటవద్దు. బొటనవేలు చిటికెన వేలికి తగలకపోతే ఆ మనిషి వెంటనే ఒడ్డుకు వెళ్ళాలి, వాళ్ళతో ఇంకొకరు వెళ్ళాలి. డైవ్‌లు తగ్గుతాయి. ట్రిప్ డబ్బులు గుర్తొచ్చి మనసు పీకుతుంది, నాకు తెలుసు. అయినా తగ్గించుకోవాల్సింది డైవ్‌లనే.

నెల్లూరు కుర్రోడు:
40 నిమిషాల హద్దు ఉంటే ముగ్గురి జట్టుకు నేను ఒప్పుకుంటాను. అప్పుడు రెండు జట్లకూ కలిపి కెమెరా ఒక్కటే ఉండాలి. ఒక జట్టు తీస్తున్న రోజు రెండో జట్టు ఏ షాట్ గురించీ ఆలోచించకుండా హాయిగా దిగాలి. డబ్బు పెట్టి అంత దూరం వెళ్ళేది ఆ నీళ్ళు చూడడానికి కూడా కదా.

కడలి:
కెమెరా ఒక్కటే అన్నదానికి నేను సరే. మాలో ఇంకో ఇద్దరు ఇద్దరి జట్టు మీదే ఉన్నారు, ఇదంతా వాళ్ళకు పంపాను. ఒప్పుకోకపోతే వాళ్ళు కెమెరా లేకుండా దిగొచ్చు, దాంతో అందరికీ ఇబ్బంది లేదు. మావయ్యా, ఆ కర్ర అల్యూమినియందా, కార్బన్‌దా? పొడవు ఎంత ఉండాలి?