అప్‌డేట్: కొత్త వెర్షన్ తర్వాత మొరాయించిన మీడియా సర్వర్ తిరిగి నడుస్తోంది

కొత్త వెర్షన్ వేసినప్పటి నుంచి నా ఇంటి మీడియా సర్వర్ మొదలైన వెంటనే ఆగిపోతోందని, పాత వెర్షన్‌ను తిరిగి పెట్టినా ఫలితం లేదని క్రితం వారం అడిగాను. లాగ్ ఫైలును (సర్వర్ తన పనులను, లోపాలను నమోదు చేసుకునే ఫైలు) చివరి వరకు చదవమన్నవారికి కృతజ్ఞతలు. కారణం అక్కడే కనిపించింది. కొత్త వెర్షన్ డేటాబేస్ పట్టికల నిర్మాణాన్ని మార్చడం మొదలుపెట్టి, డిస్కులో చోటు చాలక మధ్యలోనే ఆగిపోయింది; సగం మారిన ఆ డేటాబేస్‌ను పాత వెర్షన్ చదవలేకపోయింది.

సినిమా ఫైళ్లకు ఏమీ కాలేదు. ఎవరు ఎంతవరకు చూశారన్న గుర్తులు, నేను ఓపికగా చేత్తో సరిదిద్దిన పేర్లు మాత్రం ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయి.

నా దగ్గర 2 బ్యాకప్‌లున్నాయి. మొదటిది సర్వర్ నడుస్తుండగా తీసినది. ఈ సర్వర్‌లో డేటాబేస్‌ను నడిపే ఎస్‌క్యూలైట్ అనే సాఫ్ట్‌వేర్ తాజా మార్పులను కొంతసేపు ‘వాల్’ అనే పక్క ఫైలులో ఉంచుతుంది. నేను ప్రధాన ఫైలును మాత్రమే కాపీ చేసుకున్నాను కనుక (తెలివితక్కువ పనే) అది అక్కరకు రాలేదు. సర్వర్‌ను ఆపి, కాన్ఫిగరేషన్ ఫోల్డర్ మొత్తాన్ని 3 వారాల కిందట కాపీ చేసిన రెండోదాన్ని పాత వెర్షన్‌కు జతచేయగానే లైబ్రరీ తెరుచుకుంది. ఆ 3 వారాల గుర్తులు పోయాయి.

సర్వర్‌ను నేను కంటెయినర్‌లో (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి నడిపే ప్యాకేజీ) నడుపుతున్నాను; ఏ వెర్షన్ వాడాలో చెప్పే దాని ట్యాగ్‌ను ‘లేటెస్ట్’ (అన్నిటికన్నా కొత్తది) నుంచి కచ్చితమైన వెర్షన్ సంఖ్యకు మార్చాను. కొత్త వెర్షన్‌ను ఈసారి డేటాబేస్ నకలు మీదే ముందుగా నడిపి చూస్తాను.